ఏడు సెకన్ల మాట

నా మొహం మీకు తెలియదు. గొంతు మాత్రం తెలిసే ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా తెలుగు రాని హీరోయిన్లు ఎంతోమంది నా గొంతుతోనే ప్రేమించారు, నా గొంతుతోనే అలిగారు, ఇంటర్వెల్‌కి ముందు నా గొంతుతోనే వెక్కి వెక్కి ఏడ్చారు. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో నా పేరు ప్రణతి. చర్చిలో రాహేలు. చీరాలలో అమ్మానాన్నలు పెట్టిన పేరు రాహేలే. ఇక్కడికొచ్చిన కొత్తలో ఎవరో పెద్దమనిషి "ఆ పేరు టైటిల్స్‌లో పడితే బాగోదమ్మా" అని మార్చేశాడు. ఆ తర్వాత ఏ పేరూ టైటిల్స్‌లో సరిగ్గా పడింది లేదు, అది వేరే సంగతి.

నేను చేసిన ఒక తప్పు గురించీ, దాని విషయంలో దేవుడికి ఇచ్చిన మాట గురించీ చెప్పాలి. డబ్బింగ్ వాళ్లం కదా, అన్నీ సెకన్లలో కొలుస్తాం. నా తప్పు నాలుగు సెకన్లు. దాన్ని ఒప్పుకునే మాట ఏడు సెకన్లు. పైకి చదివి, గడియారం పెట్టి చూసుకునే చెబుతున్నాను.

కృపామణి మా చర్చి పిల్ల. ఫిల్మ్‌నగర్ బస్తీలో, బండరాళ్ల మీద ఒకదాని నెత్తిన ఒకటి కట్టిన ఇళ్లలో పుట్టి పెరిగింది. వాళ్లమ్మ జూబ్లీహిల్స్‌లో మూడు ఇళ్లలో పని చేసేది. మా చర్చి కూడా ఆ బస్తీ అంచునే, ఒక ఇంటి మేడ మీద రేకుల కప్పు వేసిన హాలు. ఆదివారం ఆరాధన అయ్యాక కృప మైకు ముందుకొచ్చి వారంలోని కూడికల వివరాలు చదివేది. "మంగళవారం పదిగంటలకు ఉపవాస ప్రార్థన, చిన్నమ్మగారి ఇంట్ల" అని ఆ పిల్ల చెబుతుంటే, ఏడుస్తున్న పసివాళ్లు కూడా అటు తిరిగి చూసేవాళ్లు. గొంతుతో బతికేదాన్ని, నాకు తెలియదా? మొదటిసారి విన్నప్పుడే ఒళ్లు జలదరించింది.

నేనే చెయ్యి పట్టుకుని థియేటర్‌కి తీసుకెళ్లాను. మొదట గుంపు గొంతులు. సంత సీన్లో అరుపులు, పెళ్లి సీన్లో నవ్వులు. తర్వాత చెల్లెలి పాత్రలు, స్నేహితురాలి పాత్రలు. "రాహేలక్క లేకపోతే నాకీ లోకం ఎరికయ్యేదే కాదు" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పేది. వింటుంటే నాకు బాగుండేది. నా ముందు ఎదిగిన పిల్ల అని నేనూ గొప్పగా చెప్పుకునేదాన్ని.

అంతలో గాలి మారింది. హీరోయిన్లు తెలంగాణ మాట మాట్లాడటం మొదలుపెట్టారు. ఇన్నాళ్లూ వాళ్లందరినీ కృష్ణా గుంటూరు ఆడపిల్లల్లా మాట్లాడించిన నేను, ఒక్కసారిగా పాతదాన్నయిపోయాను. ఒక కుర్ర డైరెక్టర్ గాజు అద్దం అవతల నుంచి నవ్వుతూ అన్నాడు, "మేడమ్, మీరు ఏంది అంటుంటే అది ఒంగోలు ఏందిలా ఉంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మరుసటి ఆదివారం నుంచి ఆరాధన అయ్యాక మెట్ల మీద కూర్చోబెట్టి కృపే నాకు నేర్పింది. "గట్ల గాదక్కా. నువ్వు మాటమాటకీ ఒత్తుతున్నవ్. మేం ఒత్తం. జర ఇడిచిపెట్టు, అదే వస్తది." నేను ఇడిచిపెట్టడం నేర్చుకున్నాను. ఆర్నెల్లు పట్టింది. పాఠానికి బదులు ఆ పిల్ల ఏమీ అడగలేదు, నేనూ ఏమీ ఇవ్వలేదు.

ఇక ఆ నాలుగు సెకన్ల సంగతి. మూడేళ్ల కిందట, ఒక మధ్యాహ్నం, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆటోలో ఉన్నాను. జగదీశ్ ఫోన్ చేశాడు. డబ్బింగ్ కో-ఆర్డినేటర్ అతను. ఏ హీరోయిన్‌కి ఏ గొంతు కావాలో అతనే వెతికి పెడతాడు.

"మేడమ్, మీ చర్చిల కృపామణి అని ఓ పిల్ల ఉంది గదా. పెద్ద సినిమా మేడమ్. హీరోయిన్‌కి గా పిల్ల గొంతే కావాల్నంటున్రు డైరెక్టర్ సార్. ఫోన్ జేస్తే కలుస్తలేదు. మీకేమన్న తెలుసా?"

కృప ఫోన్ కిందపడి పగిలిందనీ, రెండు రోజుల్లో బాగుచేయించుకుంటుందనీ నాకు తెలుసు. వాళ్లమ్మ ఫోన్ నంబరు కూడా నా దగ్గరుంది. నేనన్న మాట ఇది.

"పాపం, దానికి గొంతులో గడ్డ లేచిందంట జగదీశ్. డాక్టరు మాట్లాడొద్దన్నాడంట."

అంతే. సిగ్నల్ పచ్చబడింది, ఆటో కదిలింది. ఆ మాట ముందే అనుకుని ఉంచుకున్నది కాదు. కానీ నోరు జారింది అని చెప్పి తప్పించుకోను. నోరు జారితే మనిషి కంగారుపడుతుంది, నేను ఆ తర్వాత బంజారాహిల్స్‌లో దిగి చెరకురసం తాగాను.

మా లోకంలో గడ్డ అన్న మాట చాలు. అది అబద్ధమో నిజమో ఎవరూ వెళ్లి చూడరు. జాలిపడి, ఫోన్‌లోంచి ఆ నంబరు తీసేస్తారు. మూడు వారాలకి అదే పాత్రకి నన్ను పరీక్షకి పిలిచారు. కృప నేర్పినట్టే మాట్లాడాను. ఒత్తకుండా, ఇడిచిపెట్టి. డైరెక్టర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. సినిమా వంద కేంద్రాల్లో ఆడింది. పిల్లలు రీల్స్‌లో నా మాటలకి పెదాలు కదిపారు. ఒంగోలు ఏంది అన్నవాడే మా ఇంటికి పూలగుత్తి పంపించాడు.

కృప కేకు పట్టుకుని వచ్చింది. "అక్కా, క్లైమాక్స్‌ల నాయినతోని కొట్లాడే సీన్ చూసి నేనైతే మస్తు ఏడ్చిన. అచ్చం మా అమ్మ మాట్లాడినట్లే ఉంది" అంది. ఆమె కళ్లలో ఏదైనా అనుమానం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేదేమో.

ఏడాది పాటు ఫోన్ల కోసం చూసింది. ఒకరోజు మెట్ల మీద కూర్చుని అడిగింది. "అక్కా, నా గొంతు ఖరాబైందని ఎవరో అన్నరంట. ఎవరంటవ్?"

"ఈ ఫీల్డే అంత కృపా. ఎవరని పట్టుకుంటాం?" అన్నాను.

"పోనీ తియ్యక్కా. ఎవరో పొరపాటు పడ్డరు" అని తనే నన్ను ఓదార్చినట్టు చెప్పి లేచింది. ఆ తర్వాత ఎర్రగడ్డలో ఒక బట్టల దుకాణంలో మైకు ముందు కూర్చునే ఉద్యోగంలో చేరింది. లంగా ఓణీలు రెండో అంతస్తు, పట్టుచీరలు మూడో అంతస్తు, తప్పిపోయిన బాబు కౌంటరు దగ్గర ఉన్నాడు. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా. ఒకసారి ఆ పక్కగా వెళుతూ బయటి స్పీకరులో ఆమె గొంతు విని, ఆటోవాణ్ణి తొందరగా పోనివ్వమన్నాను.

ఈ ఏడాది వేసవిలో నా గొంతు మొరాయించింది. మొదట జలుబనుకున్నాను. మా సౌండ్ ఇంజనీరు సాయిశ్రీనివాస్ మొహమాటపడుతూ చెప్పాడు. "మేడమ్, రెండో లైన్లో గాలొస్తోంది. ఇంకొక్కటి చేద్దామా?" ఇంకొక్కటి చేశాం. పదకొండు చేశాం. పన్నెండోది చేయబోతే గొంతు పూర్తిగా ఆగిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

బంజారాహిల్స్‌లో డాక్టరు గొట్టం పెట్టి చూసి, తెర మీద నాకే చూపించాడు. "కంగారుపడకండి. చిన్న గడ్డలాంటిది. తీసేస్తాం. కానీ ముందున్న గొంతే వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను" అన్నాడు. వాడకం ఎక్కువైతే ఇలా వస్తుందట, టీచర్లకీ వస్తుందట. ఆయన చెబుతున్నాడు గాని నేను గడ్డ దగ్గరే ఆగిపోయాను. దేవుడు అలా కక్ష తీర్చుకునేవాడు కాదని మా పాస్టరు ఆశీర్వాదం గారు ఎప్పుడూ చెబుతారు. నిజమే కావచ్చు. నేనేం చేశానో ఆయనకు తెలియదు కదా.

ఆపరేషన్ ముందురోజు, మిగిలిపోయిన డైలాగు కాగితాలు ఇవ్వడానికని థియేటర్‌కి వెళ్లాను. సాయిశ్రీనివాస్ టీకి వెళ్లాడు. మేం నిలబడి మాట్లాడే గదిలో గోడలన్నీ మెత్తలు. లోపల అరిచి గీపెట్టినా బయటికి వినిపించదు. తలుపు వేసుకుని, చెప్పులు విప్పి, నెత్తిన ముసుగు వేసుకుని మోకరించాను. గొంతు లేదు కాబట్టి పెదాలతోనే చెప్పాను. తండ్రీ, నా గొంతు నాకు తిరిగివ్వు. ఇచ్చిన రోజు నేను సంఘంలో అందరి ముందూ లేచి, కృప ఎదురుగా, దాని గురించి నేనేమన్నానో, ఎందుకన్నానో చెబుతాను. చెప్పకపోతే నా గొంతు మళ్లీ నువ్వే తీసేసుకో.

చివరి మాట ఎవరూ అడగలేదు. నేనే కలిపాను. అప్పుడు నాకు ఏ మాటైనా చౌకగానే అనిపించింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు వారాలు నోరు విప్పకూడదన్నారు. పలక మీద రాసి మా ఆయనకు చూపించేదాన్ని. కృప రెండు బస్సులు మారి వచ్చేది, సగ్గుజావ తెచ్చేది. నా గొంతు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. "ప్రభువా, మా అక్కకి గొంతియ్యి. గా గొంతు ఎంతమందికి అన్నం బెట్టిందో నీకెర్క గదా." ఆ చెయ్యి నా గొంతు మీద ఉన్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టేదాన్ని. మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి మాట్లాడలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మూడు వారాలూ నాకు ఎంతో హాయిగా గడిచాయి. చెప్పాల్సింది చెప్పకుండా ఉండటానికి నా దగ్గర డాక్టరు చీటీ ఉంది.

గొంతు తిరిగొచ్చింది. ముందున్నదే, ఇంకా కొంచెం తేటగా. సాయిశ్రీనివాస్ హెడ్‌ఫోన్స్ తీసి, "మేడమ్, పదేళ్లు వెనక్కెళ్లింది" అన్నాడు.

ఇక దేవుడికి చెల్లించాల్సింది నేను. మొదటి ఆదివారం వాన. రెండో ఆదివారం కృప రాలేదు, దుకాణంలో సెలవివ్వలేదట. ఆమె ఎదురుగా అని కదా మొక్కుకున్నాను, లేనప్పుడు చెబితే చెల్లదు అనుకున్నాను. మూడో ఆదివారం కృప వచ్చింది, కానీ బయటి ఊరి నుంచి ప్రసంగీకుడు వచ్చాడు, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాలకి సమయం లేదన్నారు. నాలుగో ఆదివారం ఏ సాకూ దొరకలేదు. తలనొప్పి అని ఇంట్లో పడుకున్నాను.

మా దగ్గర నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం. మనసులో ఏదైనా పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. పళ్లెం నా ముందుకొస్తే పక్కావిడకు అందించేశాను. మరుసటి నెలా అంతే. మూడో నెలా అంతే. చర్చిలో అలాంటివి గాలి కన్నా తొందరగా పాకుతాయి. ఆశీర్వాదం గారు ఆ నెల చివరి ఆదివారం మొక్కుబళ్ల మీద వాక్యం చెప్పారు. దేవునికి మాటిచ్చి ఆలస్యం చేసేవాళ్ల గురించి గంటసేపు మాట్లాడారు. ఎవరి గురించీ కాదు, ఆ వారానికి ఆయన ఎంచుకున్న అంశం అది. నాకు మాత్రం ప్రతి మాటకీ చెమట పట్టింది.

అయిపోయాక దగ్గరికి పిలిచారు. "అమ్మా రాహేలూ, మూడు నెలలుగా బల్ల తీసుకోవడం లేదు. ఏమైనా ఉందా తల్లీ?"

"ఒక సాక్ష్యం చెప్పాలండీ. మొక్కుకున్నాను."

ఆయన మొహం వెలిగిపోయింది. "దేవునికి స్తోత్రం! ఇన్నాళ్లు ఎందుకు దాచుకున్నావమ్మా? వచ్చే ఆదివారం చెప్పు. దేవుడు నీ గొంతు ఎలా బాగుచేశాడో మన బస్తీ అంతా వినాలి."

బాగుచేయడం గురించి మాత్రమే కాదని చెప్పబోయాను. ఆయన అప్పటికే ఇంకొకరి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు.

వారమంతా కూర్చుని రాశాను. నాకు రాసుకోకుండా మాట్లాడటం రాదు. డైలాగు కాగితం మీద గుర్తులు పెట్టుకున్నట్టే, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ గీతలు పెట్టుకున్నాను. మొత్తం రెండున్నర నిమిషాలు. సరిగ్గా మధ్యలో ఆ మాట. దాని కింద ఎర్ర పెన్నుతో గీశాను. కృపకు వచ్చిన సినిమా నాకు రావాలని, దాని గొంతులో గడ్డ ఉందని నేనే అబద్ధం చెప్పాను. ఏడు సెకన్లు. మొదట్లో తొమ్మిది పట్టింది, తర్వాత తగ్గింది. శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ మెత్తల గదిలో తలుపు వేసుకుని, పైకి ఇరవైసార్లు చెప్పాను. ఇరవైసార్లూ తప్పు లేకుండా వచ్చింది.

ఆదివారం వచ్చింది. హాలు నిండిపోయింది. రేకుల కింద ఫ్యాన్లు వేడిగాలి తిప్పుతున్నాయి. కృప ఆడవాళ్ల వైపు మూడో వరుసలో చాప మీద, తెల్లచీర కొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. ఫోన్ పైకెత్తి, వీడియో తీస్తున్నానని సైగ చేసింది.

మైకు పట్టుకున్నాను. కుయ్యిమంది. చెయ్యి కిందికి దించి, మూతికి జానెడు దూరం పెట్టాను. అది మా వాళ్లకు అలవాటు.

మొదలుపెట్టాను. గొంతు ఎలా ఆగిపోయిందో చెప్పాను. పన్నెండోసారి నోరు తెరిస్తే గాలే వచ్చిందని చెప్పాను. నాకు తెలియకుండానే అక్కడ గొంతు సన్నబడింది, చివరి మాట ఊపిరితో కలిసిపోయింది. ముందు వరుసలో ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. డాక్టరు మాటివ్వలేనన్నాడని చెప్పాను. "దేవా!" అని ఎవరో అన్నారు. మెత్తల గదిలో మోకరించిన సంగతి చెప్పాను. హాలంతా చెవులప్పగించి వింటోంది. అప్పుడు నా లోపల, ఇప్పుడు తలుచుకుంటే అసహ్యమేస్తుంది గాని, ఒక పక్క నా లోపల మంచి టేక్ పడుతోందన్న సంబరం ఉంది.

"ఆ గదిలో నేను దేవుడికి ఒక మాటిచ్చాను" అన్నాను. కాగితం మీద అక్కడ గీత ఉంది. ఊపిరి తీసుకున్నాను.

ఎర్రగీత మాట నా కళ్లముందే ఉంది. కృప ఫోన్ వెనక నుంచి కన్నీళ్లతో నన్నే చూస్తోంది.

సరిగ్గా ఆ ఊపిరి దగ్గర కీబోర్డు వాయించే ఆయన, పాపం మంచి మనసుతోనే, మెల్లగా ఒక స్వరం అందుకున్నాడు. సాక్ష్యాల వెనక అలా వాయించడం మా చర్చిలో మామూలే. పద్దెనిమిదేళ్లుగా నాకు ఒంటికి పట్టిన పాఠం ఒకటుంది. వెనక సంగీతం లేచిందంటే మాట అయిపోయింది. అక్కడి నుంచి ఏడుపు, లేదంటే మౌనం. సంగీతం మీద మాట వేస్తే ఇంజనీరు చెయ్యి అడ్డంగా ఊపుతాడు.

తప్పంతా కీబోర్డు మీదికి తోయను. సంగీతం లేచాక కూడా నాకు సమయముంది. రెండు సెకన్లో, మూడో. ఆపమని చెయ్యి ఎత్తితే ఆయన ఆపేవాడు. నాకు తెలుసు. నాకు చెప్పాలని లేదు. సాకు దొరికింది, పట్టుకున్నాను.

"...నా గొంతు తిరిగిస్తే, అందరి ముందూ నిలబడి నీ మేలు చెబుతానని మాటిచ్చాను" అని, గొంతు వణికించి, తల దించుకున్నాను. ఆ వణుకు రాసుకున్నది కాదు. ఆ సమయానికి ఏది కావాలో అదే వచ్చింది.

హాలు లేచి నిలబడింది. చప్పట్లు, స్తోత్రాలు. ఆశీర్వాదం గారు నా చేతిలో మైకు తీసుకుంటూ ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. అది నిజం ఏడుపే, దేనికో మాత్రం వాళ్లెవరికీ తెలియదు. ఆ రోజే బల్ల కూడా ఇచ్చారు. పళ్లెం నా ముందుకొచ్చింది. అందరూ చూస్తున్నారు. ఇంత సాక్ష్యం చెప్పినదాన్ని, ఇప్పుడు పక్కావిడకు ఎలా అందించను? తీసుకున్నాను.

ఆరాధన అయ్యాక మెట్ల మీద కృప నన్ను గట్టిగా వాటేసుకుంది. "అక్కా! ఎంత మంచిగ చెప్పినవక్కా! గ్రూప్‌ల పెట్టేసిన. అప్పుడే నలుగురు ఇంకోళ్లకు పంపిన్రు."

ఇప్పుడైనా చెప్పేయాలనుకున్నాను. అందరి ముందూ కాకపోయినా, ఇక్కడ, ఈ మెట్ల మీద, ఇద్దరమే ఉన్నాం. "కృపా, నీకొక సంగతి చెప్పాలే" అన్నాను.

"జర ఆగక్కా, ముందు నేను చెప్త. ఇన్ని దినాలు సప్పుడు జెయ్యకుండ ఉన్న. నీ మొక్కు తీరెదాంక నా మొక్కు చెప్పొద్దనుకున్న."

"నీ మొక్కా?"

"నీకు ఆపరేషన్ జేస్తున్న దినం నేను ఉపవాసముండి మొక్కుకున్న. ప్రభువా, మా అక్క గొంతు అక్కకియ్యి, నా గొంతు నువ్వు దీస్కో అన్న. తీస్కోవుడంటే గట్ల గాదు. నేనింక సినిమాల మాట్లాడ, ఇగ గా కోరికనే పెట్టుకోను, నా గొంతు నీకే అని." సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "అక్కా, నీకు తెలుసా? మంగళవారం జగదీశన్న ఫోన్ జేసిండు. నా గొంతు మంచిగనే ఉందని గిప్పుడెర్కయిందంట. హీరోయిన్‌కే అక్కా! పెద్ద సినిమా. దుకాణం ఎనక పోయి కూసోని ఏడ్చిన. మల్ల ఫోన్ జేసి, రానన్నా అని చెప్పేసిన."

"నీకు పిచ్చా కృపా? ఎవరడిగారు నిన్ను ఆ మొక్కు? వెంటనే ఫోన్ చేసి వస్తానని చెప్పు. దేవుడేమీ అనుకోడు."

ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. కోపం కూడా లేదు. చిన్నపిల్లకు చెబుతున్నట్టు చెప్పింది.

"అదేందక్కా, గట్లంటవ్? దేవునికిచ్చిన మాట గదా. నువ్వియ్యాల నిలబెట్టుకోలేదా?"

చెప్పాల్సిన సంగతి ఏంటక్కా అని ఆమె మళ్లీ అడిగింది కూడా. ఏం లేదులే అన్నాను. ఇప్పుడు నిజం చెబితే ఆ పిల్లకు ఏం మిగులుతుంది, తన గొంతు ఎవరి కోసం వదులుకుందో తెలిస్తే గుండె పగిలిపోదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. అది జాలి కాదు. భయం. ఈ వయసులో నాకు రెండింటికీ తేడా తెలుసు.

సోమవారం పొద్దున జగదీశ్ ఫోన్ చేశాడు. "మేడమ్, గా కృపామణి గొంతుకేం గాలేదంట, అప్పుడు మీకెవరో తప్పు చెప్పిన్రు. గని రమ్మంటే రానంటుంది. ఏం మొక్కో ఏమో. పాత్ర అంతా గీడి బస్తీ పిల్ల మేడమ్. మీరు తప్ప ఎవరు చేస్తరు?"

రెండు రోజులు ఆలోచించి చెబుతానన్నాను. సాయంత్రానికే ఒప్పుకున్నాను.

నిన్న మొదలుపెట్టాం. తెర మీద పంజాబీ అమ్మాయి, బండరాళ్ల మీది ఇంటి గుమ్మంలో నిలబడి, తండ్రి ముందు తన తప్పు ఒప్పుకునే సీను. నాయినా, గా పని జేసింది నేనే, నన్ను ఏమన్న జెయ్యి, గని నా మొహం జూడు. ఒత్తకుండా, ఇడిచిపెట్టి, కృప చెప్పినట్టే చెప్పాను. అద్దం అవతల సాయిశ్రీనివాస్ కళ్లు తుడుచుకున్నాడు. "ఒకే టేకు మేడమ్. ఇంకోటి అక్కర్లేదు" అన్నాడు.

ఆశీర్వాదం గారు రాత్రి ఫోన్ చేశారు. క్రిస్మస్‌కి ముందు మూడు రోజుల కూడికలు పెడుతున్నారట. టోలిచౌకి నుంచి, ఎర్రగడ్డ నుంచి సంఘాలు వస్తాయట. ఆ వీడియో అందరూ చూశారట, మూడు రోజులూ నా సాక్ష్యం ఉండాలని అడుగుతున్నారట. సరేనండీ అన్నాను.

చెప్పకపోతే నా గొంతు తీసేసుకో అని నేనే అన్నాను కదా. అందుకని రోజూ పొద్దున కళ్లు తెరవగానే, మా ఆయన లేవకముందే, మెల్లగా ప్రభువా అని ఒకసారి అని చూసుకుంటాను. పోయి ఉంటే బాగుండుననే అనుకుంటాను. తేటగా వస్తుంది.